గుర్రానికి చెమట పట్టకపోతే

"ఈ రోజు వద్దు సార్, దీనికి చెమట పడ్తలేదు" అన్నాడు సయీస్. సయీస్ అంటే గుర్రాన్ని కడిగి, మేపి, జీను కట్టే మనిషి. హైదరాబాద్ శివార్లలో ఒక చోట మా అమ్మాయి గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం. పొద్దున వాన పడి వెలిసింది, ఎండ లేదు, నాకైతే చల్లగానే ఉంది. పైగా ప్యాకేజీలో ఇంకా నాలుగు క్లాసులు మిగిలున్నాయి, గడువేమో ఆ నెలాఖరు. "ఒక్క అరగంటేగా" అన్నాను. మేనేజరు నాకే వంత పాడాడు (డబ్బులిచ్చేది నేను కదా!). సయీస్ మారు మాట్లాడకుండా జీను కట్టాడు.

ఇరవై నిమిషాలకి గుర్రం ఆగిపోయింది. ముక్కుపుటాలు విప్పార్చి, కుక్క రొప్పినట్టు రొప్పుతోంది. ఒంటి మీద చెయ్యేస్తే పొడిగా, కాలిపోతూ ఉంది. "నాన్నా, నేను దిగిపోతా" అని మా అమ్మాయి ఏడుపు. తర్వాత ముప్పావుగంట పాటు సయీస్ ఒక్కడే బకెట్లతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. బతికింది లెండి.

ఇంటికొచ్చి చదివాక తెలిసింది, దీన్ని అన్‌హైడ్రోసిస్ అంటారని. వేడీ తేమా కలిసిన చోట కొన్ని గుర్రాలకి చెమట పట్టడం తగ్గిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. నమ్మకమైన మందు లేదు, చల్లటి ప్రాంతానికి పంపితే చాలావాటికి నయమవుతుంది. గుర్రం కూడా మనలాగే ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడే జంతువు. కానీ నాలుగైదు వందల కిలోల ఒళ్ళు, ఆ బరువుకి చర్మం తక్కువ. పరిగెత్తితే పుట్టే వేడి బయటికి పోవాలంటే చెమట ఆరాల్సిందే. గాలిలో తేమ ఉంటే ఆరదు.

గుర్రాలవాళ్ళు వాడే ఓ మోటు లెక్క ఉంది. ఉష్ణోగ్రతని ఫారెన్‌హీట్‌లో తీసుకుని దానికి తేమ శాతం కలపండి. 150 దాటితే జాగ్రత్త పడాలి, 180 దాటితే పని చేయించకూడదు. మేలో మన 41 డిగ్రీల మధ్యాహ్నం అంటే 106, తేమ 20 అనుకుంటే మొత్తం 126. అదే ఆగస్టులో వాన వెలిసిన సాయంత్రం 30 డిగ్రీలు, అంటే 86. తేమ 80. మొత్తం 166! నాకు చల్లగా అనిపించిన రోజే గుర్రానికి గండం. ఎండ దెబ్బ ఈ లెక్కలోకి రాదు కాబట్టి మే మధ్యాహ్నం ఎక్కించమని కాదు నా ఉద్దేశం. విశాఖ, చెన్నై సంగతి మీరే లెక్కేసుకోండి.

ఇదేదో బ్రహ్మవిద్య కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు దీని మీద బోలెడు పరిశోధన జరిగింది. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే ప్రమాదమన్న పాత భయం అప్పుడే పోయింది. 2008లో గుర్రాల పోటీలు బీజింగ్‌లో కాక హాంకాంగ్‌లో జరిపారు. అక్కడి ఉక్కకి భయపడి పోటీలని పొద్దున్నే, రాత్రిపూట పెట్టుకున్నారు. మనకేమో ఆదివారం సాయంత్రం ఐదింటి స్లాట్ కావాలి.

గుర్రం మనకి ఎప్పుడూ దిగుమతి సరుకే. సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. ఇప్పటికీ పెద్ద తేడా ఏముంది? 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన ఫవాద్ మీర్జా జర్మనీలో ఉండి సాధన చేశాడు. 2023లో హాంగ్‌ఝౌలో డ్రెస్సాజ్ స్వర్ణం తెచ్చిన జట్టు కూడా యూరప్‌లో తయారైనదే. ఇక్కడి గుర్రాన్ని బయటికి పంపాలంటే జబ్బుల నిబంధనలు అడ్డం. 2025 జులైలో మీరట్‌లోని సైనిక కేంద్రానికి గుర్రాల జబ్బులు లేని ప్రాంగణంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. మంచిదే, ఆ దారి కొంచెం తెరుచుకుంది. మరి ఊళ్ళలో ఉన్న గుర్రాల మాట? మన నగరాల రైడింగ్ స్కూళ్ళలో చాలావరకు రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లే. ఇంగ్లండులో పుట్టిన జాతి. మార్వారీ గుర్రం కూడా ఎడారి పొడి వేడికి అలవాటు పడ్డదే తప్ప మన ఉక్కకి కాదు.

ఉష్ణదేశంలో స్వారీయే వద్దనను, మా అమ్మాయికి అదంటే ప్రాణం. నేననేది ఒక్కటే. వద్దనే అధికారం సయీస్‌కి ఉండాలి. అతను వద్దంటే మేనేజరు గానీ, డబ్బు కట్టిన నాలాంటివాడు గానీ మారు మాట్లాడకూడదు. మన ఆఫీసుల్లో బిల్డ్ పాడైతే రిలీజ్ ఆపే హక్కు టెస్టర్‌కి ఇస్తాం కదా! (ఇవ్వం అంటారా? సరే, ఇవ్వాలి.) స్కూలు వెతుక్కునే తల్లిదండ్రులు గుర్రాలెన్ని అని కాదు, క్లాసు ఎప్పుడు రద్దు చేస్తారని అడగండి. నీడ ఉందా, నీళ్ళ గొట్టం ఉందా, తొట్టిలో నీళ్ళున్నాయా చూడండి.

ఇప్పుడు వేరే చోటికి వెళ్తున్నాం. పొద్దున్న ఐదున్నరకి క్లాసు. మొదటి అరగంట గుర్రాన్ని తోమడమే, జీను మాట ఎత్తరు. పోయిన నెలలో రెండు ఆదివారాలు తోమి, నీళ్ళు పట్టి తిరిగొచ్చేశాం. ఫీజు మామూలే.