రోడ్ రాష్‌లో నా వంతు

ఎండాకాలం సెలవుల్లో జనగామ నుంచి మహబూబాబాద్‌లో పెద్దమ్మ ఇంటికి పోతే, అన్నయ్య కంప్యూటర్‌లో రోడ్ రాష్ ఉండేది. బైక్ రేసే గానీ పక్కవాణ్ణి తన్నొచ్చు, వాడి చేతిలోని గొలుసు లాక్కుని వాడినే కొట్టొచ్చు. పోలీసు పట్టుకుంటే రేసు ఖతం. కంప్యూటర్‌కి 1996లోనే వచ్చిందట. మా దాకా వచ్చేసరికి పాతబడింది, అయినా మాకేం తెలుసు!

"ఆడపిల్లకి ఈ కొట్లాటలేంది" అనేది పెద్దమ్మ. ఆటలో మాత్రం ఆడవాళ్ళూ బండి నడిపేవాళ్ళు. నా వంతు అందరికన్నా ఆఖర్న, అదీ కరెంటు ఉంటేనే. పడిపోతే బండి దాకా మనిషి పరుగెత్తుకుంటూ పోవాలి. అప్పుడు వెనకనుంచి అందరూ "ఉరుకు, ఉరుకు" అని అరిచేవాళ్ళు.

ఇప్పుడు భూపాలపల్లిలో మా బాబు ఫోన్‌లో తుపాకీ ఆటలు ఆడతాడు. కొట్లాట ఆటలు పిల్లల్ని చెడగొడతాయని తోటి అమ్మలంటారు. నేను ఒప్పుకోను, మాలో ఎవరూ రౌడీలు కాలేదు. నా బాధల్లా వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడే కూర్చోవడం. మొన్న పాత కంప్యూటర్‌లో రోడ్ రాష్ వేసి చూపించా. "ఏందమ్మా ఈ బొమ్మలు" అని నవ్వాడు. నేను పడిపోగానే మాత్రం ఫోన్ పక్కన పెట్టి "ఉరుకమ్మా" అన్నాడు.