యూజీసీ ఛైర్మన్ గారికి: మీ నిబంధన హాస్టల్ గేటు దగ్గరే ఆగిపోయింది

అయ్యా,

2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది ఆడపిల్లలే. స్థూల నమోదు నిష్పత్తిలో వాళ్లు అబ్బాయిలను కాస్త దాటారు కూడా: 28.3కి 28.5. ఇంతమంది వచ్చారు, సంతోషం. వచ్చినవాళ్లను మన విద్యాసంస్థలు పౌరులుగా చూస్తున్నాయా?

చాలా క్యాంపస్‌లలో అమ్మాయిల హాస్టల్ గేటు పొద్దుగూకగానే పడుతుంది. లైబ్రరీ ఫీజు ఇద్దరూ ఒకటే కడతారు, రాత్రి రీడింగ్ రూమ్ మాత్రం అబ్బాయిలది. ల్యాబ్‌లో ప్రయోగం సగంలో ఉన్నా లేచి రావాల్సిందే. ఉపన్యాసాలు, విద్యార్థి సంఘాల సమావేశాలు, వాదోపవాదాలు ఎక్కువగా సాయంత్రమే జరుగుతాయి. నలుగురిలో లేచి మాట్లాడటం, ఒప్పుకోనిదాన్ని ఒప్పుకోనని చెప్పడం నేర్చుకునేది అక్కడే. సరిగ్గా ఆ వేళకే ఆమె లోపల ఉండాలి. 1989 నుంచి 18 నిండితే ఓటుంది. ఎమ్మెల్యేను ఎన్నుకునే మనిషి ఆదివారం కోఠీకి వెళ్లి పుస్తకాలు కొనుక్కోవాలంటే నాన్న వార్డెన్‌కు ఫోన్ చేయాలా?

ఇది తప్పని మీ సంస్థే రాసింది. లైంగిక వేధింపుల నివారణపై 2016 మేలో గెజెట్‌లో వచ్చిన నిబంధనల్లో, భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలు విద్యార్థినుల హాస్టళ్లలో పెట్టరాదని ఉంది. పాటించని సంస్థకు గ్రాంటు ఆపే అధికారమూ అందులోనే ఉంది. హాస్టల్లో సాయంత్రం ఫోన్ వాడొద్దన్న నియమాన్ని ఒప్పుకోనందుకు గది పోగొట్టుకున్న ఫహీమా షిరీన్ 2019లో కేరళ హైకోర్టుకు వెళ్లి గెలిచింది. ప్రతి అమ్మాయీ కోర్టు మెట్లెక్కగలదా?

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పల్లె నుంచి బిడ్డను పంపిన తల్లికి గేటుకు తాళం ఉందన్న మాటే ధైర్యం. కానీ దారిలో దీపాలు, రాత్రి బస్సు, నిజంగా పనిచేసే ఫిర్యాదుల కమిటీ ఏర్పాటు చేయడానికి ఖర్చవుతుంది, శ్రమ పడాలి. తాళానికి అవేవీ అక్కర్లేదు. అందుకే సంస్థలకు అది ముద్దు.

మిమ్మల్ని కోరేది కొత్త చట్టం కాదు. ప్రతి విశ్వవిద్యాలయం, కళాశాల తమ అబ్బాయిల, అమ్మాయిల హాస్టళ్ల నియమాలను పక్కపక్కన వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించండి. తేడా ఉన్నచోట కారణం రాతపూర్వకంగా అడగండి. జవాబివ్వని సంస్థ మీద మీ నిబంధన ఇచ్చిన అధికారాన్ని వాడండి. ఈ ఏటి ప్రవేశాలు ముగిసేలోగా ఆ ఆదేశం వెళ్లాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు