పలుకుబడి పుట్టుక: అవుట్ ఆఫ్ ది వుడ్స్

మూడు రోజులుగా స్పృహలేని రోగి కళ్లు తెరిచాడు. ఇంటిల్లిపాదీ ఆనందంతో డాక్టరు చుట్టూ మూగారు. ఆయన చిరునవ్వుతోనే, "హీ ఈజ్ నాట్ అవుట్ ఆఫ్ ది వుడ్స్ యెట్" అన్నాడు. ఆంగ్లం చదివిన మేనల్లుడు ఆ మాటను పక్కనే నిలబడిన అమ్మమ్మకు ఎలా తెలుగుచేయాలి? "మామయ్య ఇంకా అడవి దాటలేదు" అంటే ఆమెకు బోధపడదు. "ప్రాణాపాయం తప్పలేదు" అంటే ఆ తల్లి గుండె పగులుతుంది. డాక్టరు చెప్పినది వేరు: రోగి కోలుకుంటున్నాడు గాని, నిశ్చింతగా ఉండే సమయం ఇంకా రాలేదు.

పూర్వం ఇంగ్లండులో బాటసారికి అడవిదారి అంటే దొంగలభయం. 1285లో మొదటి ఎడ్వర్డ్ రాజు చేసిన వించెస్టర్ శాసనం, సంతలు జరిగే పట్టణాల నడుమ రాజమార్గాలకు ఇరుప్రక్కలా 200 అడుగుల మేర పొదలను నరికివేయాలని ఆదేశించింది. దొంగలకు పొంచి ఉండే చోటు దొరకకూడదని దాని ఉద్దేశం. మహావృక్షాలను మాత్రం మినహాయించింది.

'అడవి దాటకముందే సంతోషంతో కేకవేయకు' అన్న ఆంగ్ల సామెతలో ఆ బాటసారి జాగ్రత్తే వినిపిస్తుంది. అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ 1800లో ఒక లేఖలో దీనిని ఉదహరిస్తూ, అప్పటికే ఇది పాత సామెత అని పేర్కొన్నది. విచిత్రమేమంటే, ఆ ఏడాది నవంబరులోనే బాల్టిమోర్ నుండి వాషింగ్టన్‌కు పోతూ ఆమె నిజంగానే అడవిలో దారితప్పింది. రెండు గంటలు తిరిగిన పిమ్మట, ఎదురైన ఒక నల్లజాతి బాటసారి దారి చూపాడు.

కాలక్రమాన అడవి ఆపదకు, అడవి దాటడం ఆపద తొలగడానికి సంకేతాలైనాయి. బ్రిటిష్‌వారు 'వుడ్' అని ఏకవచనంలోనూ, అమెరికన్లు 'వుడ్స్' అని బహువచనంలోనూ వాడటం పరిపాటి. జబ్బుకే గాక అప్పులకు, వ్యాపార నష్టాలకు కూడా ఈ మాట చెల్లుతుంది. అయితే 'నాట్', 'యెట్' చేర్చి వాడినప్పుడే దీనికి నిండుదనం. అందులో ఆశ, హెచ్చరిక రెండూ ఇమిడి ఉంటాయి.

తెలుగువాడు ఆపదను ఏరుగా భావించి, బయటపడటాన్ని 'గట్టెక్కడం' అన్నాడు. కనుక ఆ మేనల్లుడు నిఘంటువు వెదకనక్కరలేదు. "మామయ్య ఇంకా గట్టెక్కలేదు అమ్మమ్మా, కాని గట్టు కనబడుతున్నది" అంటే చాలు. డాక్టరు మాటలోని ఆశా, హెచ్చరికా రెండూ ఆ తల్లికి చేరుతాయి.