ధర తగ్గింది గాని మేత తగ్గలేదు



పల్నాటి పల్లె నుండి ఒక సోదరుడు ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. మిర్చి అమ్మగా వచ్చిన డబ్బులో ఎనిమిది లక్షలు కారు కోసం విడిగా ఉంచారట. ఆ డబ్బుకు కొత్త చిన్న కారు వస్తుంది. కుమారుడు మాత్రం హైదరాబాదులో అదే ధరకు పన్నెండేళ్ల నాటి జర్మనీ కారు ఒకటి చూచి వచ్చి, తోలు సీట్లు, ఎండ పడే కప్పు ఉన్న ఆ కారే కావాలని పట్టుబడుతున్నాడట. "దాన్ని నమ్మవచ్చా? కొనకముందే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. అయితే ముందుగా ఒక సంగతి. ఇటువంటి కారు కొత్తలో ముప్పై, నలభై లక్షలు పలికి ఉంటుంది. పాతబడిన కొద్దీ దాని ధర పడిపోతుంది గాని దాని విడిభాగాల ధర పడిపోదు. ఎనిమిది లక్షలకు కొన్నా, అది చెడినప్పుడు వచ్చే బిల్లు నలభై లక్షల కారు బిల్లే. ఏనుగు చవకగా దొరికిందని కొన్నవాడికి దాని మేత కూడా చవకగా దొరకదు గదా!

మన ఊరి మెకానిక్కులు అంబాసిడరును రోడ్డు ప్రక్కనే విప్పి బిగించినవారు. వారి చేతిపనికి వంక పెట్టలేము. కాని ఈ కార్లలో సగం పని కంప్యూటరుది. ఉదాహరణకు, 2007 నుండి బి.ఎమ్.డబ్ల్యూ. వాడిన ఎన్-47 అనే డీజిల్ ఇంజనునే తీసుకోండి. దాని టైమింగు చైను త్వరగా అరిగిపోతుందని, తెగిపోతుందని లోకమంతటా పేరుపడింది. ఆ చైను ఇంజనుకు వెనుక వైపున ఉంటుంది. దాన్ని మార్చాలంటే సాధారణంగా ఇంజను మొత్తాన్ని క్రిందికి దించాలి. డి.ఎస్.జి. అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపం వల్ల ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 2013లో ఒక్క చైనా దేశంలోనే 3,84,000 పైచిలుకు కార్లను వెనక్కు పిలిచింది. కాబట్టి ఫలానా కంపెనీ కారు మంచిదా అని అడిగితే చాలదు. ఏ సంవత్సరపు కారు, ఏ ఇంజను, ఏ గేర్‌బాక్సు అని అడగాలి.

ఇక కారు చూడటానికి వెళ్లేవారు తెల్లవారుజామునే వెళ్లండి. బోనెట్టు మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఇంజను నడిపి ఉంచారన్నమాట. అప్పుడు మరొక రోజు వస్తామని చెప్పి తిరిగి రండి. చల్లని ఇంజను మొదటి నాలుగైదు క్షణాలలో చెప్పే నిజం, వేడెక్కిన తరువాత చెప్పదు. చైను వదులైతే ఆ క్షణాలలోనే గలగల వినబడుతుంది. సైలెన్సరు నుండి నీలపు పొగ వస్తే ఇంజను ఆయిలు మండిపోతోంది. తెల్లని పొగ ఎంతకూ ఆగకపోతే రేడియేటరు నీళ్లు లోపలికి చేరుతున్నాయని అనుమానించాలి. ఆయిలు పోసే మూత విప్పినప్పుడు లోపల మీగడ వంటి తెల్లని జిడ్డు దట్టంగా ఉన్నా ఆ అనుమానమే బలపడుతుంది.

తాళం త్రిప్పగానే ఎదుట ఎర్రని, పసుపు దీపాలు వెలుగుతాయి. ఇంజను నడవగానే ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగనే వెలగకపోతే? ఎయిర్‌బ్యాగు దీపమో, ఇంజను దీపమో మొదట్లో కూడా వెలగలేదంటే, లోపం కనబడకుండా దాన్ని ఎవరో పీకివేసి ఉండవచ్చు. దీన్ని చాలామంది గమనించరు.

కిలోమీటర్ల అంకె గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, దాన్ని వెనక్కు త్రిప్పడం తేలిక. ఛాసిస్ నంబరు తీసుకొని, యజమానినే వెంటబెట్టుకొని కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద సర్వీసు జరిగిందో వారి కంప్యూటరులో ఉంటుంది. అక్కడే కొన్ని వేలు కట్టి కారును పూర్తిగా పరీక్ష చేయించండి. ఎనిమిది లక్షల బేరంలో ఆ వేలకు వెనుకాడడం పొదుపు కాదు. యజమాని దీనికి ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

వరద నీటిలో మునిగిన కారు వీటన్నిటికంటే ప్రమాదం. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అటువంటివి కడిగి, మెరుగు పెట్టి అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరివరకూ బయటికి లాగి చూడండి, బురద గీత అక్కడ దాగి ఉంటుంది. కాళ్ల క్రింది కార్పెట్టు ఎత్తి తడిమి చూడండి, సీట్ల బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడండి. లోపల అత్తరు వాసన గుప్పుమంటే నేనైతే సంతోషించను. ఖరీదైన కార్లలో కొన్ని కంప్యూటరు పెట్టెలు సీట్ల క్రిందనే, నేలకు ఆనుకొని ఉంటాయి. ఒకసారి తడిసినవి ఆరు నెలలకో ఏడాదికో మొరాయిస్తాయి.

పల్లెవారికి మరో చిక్కు. బి.ఎమ్.డబ్ల్యూ. కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే ప్రత్యేకమైన టైర్లు వేస్తారు. అవి మన మండల కేంద్రంలో దొరుకుతాయా? కారు ఆగిపోతే, ఆటోమేటిక్ గేర్ల కారును ట్రాక్టరుకు తాడు కట్టి ఈడ్పించకూడదు, గేర్‌బాక్సు పాడవుతుంది. లారీ మీద ఎక్కించి నగరానికి పంపవలసిందే. ఆ దూరం ఎంతో, ఖర్చు ఎంతో ముందే లెక్క వేసుకోండి.

కనుక ఆ సోదరునికి నా సలహా ఇది. ఎనిమిది లక్షలే ఉంటే ఎనిమిది లక్షల పాత పెద్ద కారు కొనవద్దు. పరీక్షలన్నిటిలో నెగ్గినా సరే, ధరలో మూడో వంతైనా మరమ్మతులకు విడిగా ఉంచుకోగలిగితేనే ఆ మాట తలపెట్టండి. లేదంటే కొత్త చిన్న కారే ఇంటికి మేలు. అబ్బాయి నొచ్చుకుంటాడు, నిజమే. అతణ్ణి కూడా వర్క్‌షాపుకు తీసుకువెళ్లి, గేర్‌బాక్సు ఖరీదు అతని చేతనే అడిగించండి.

కాగితాల మాట మరువకండి. పది సంవత్సరాలు దాటిన డీజిల్ కార్లపై ఢిల్లీలో 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటి నుండి అక్కడి కార్లు ఇతర రాష్ట్రాలకు చవకగా వచ్చాయి. బయటి రాష్ట్రపు కారైతే 28వ ఫారంలో ఎన్.ఓ.సి. ఉండాలి, ఇక్కడ జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. ఆ పన్ను ఎంతో ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కొని గాని బేరం ముగించకండి. ఆర్.సి. మీద ఫైనాన్సు ఉంటే 35వ ఫారం, పేరు మార్పుకు 29, 30 ఫారాలు తీసుకోండి. చేతికి తాళం వచ్చిన 14 రోజులలోగా ఇన్సూరెన్సును మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి.