ఒడ్డు చేరినవారి సాక్ష్యము

ఓడ మునిగినపుడు దాని కథ చెప్పవలసినవారు బ్రతికి బయటపడినవారే. కాని ఒకే ప్రమాదమును చూచిన పదిమంది పదివిధములుగా చెప్పుట తరచు జరుగుచున్నది. అట్టిచో “వీరు అబద్ధమాడుచున్నారు” అనియో, “భయముచే మతి చెదరినది” అనియో వారి మాటలను త్రోసిపుచ్చుట కద్దు. ఇది ఎంతవరకు న్యాయము? 2023లో గ్రీసు సమీపమున జరిగిన నౌకాప్రమాదము ఈ ప్రశ్నను మరల ముందుకు తెచ్చినది.

ఈ విషయమున టైటానిక్ చరిత్ర గొప్ప పాఠము. 1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి 11 గంటల 40 నిమిషములకు ఆ ఓడ మంచుకొండను తాకి, తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషములకు మునిగెను. సుమారు 1,500 మంది మరణించిరి. 700 పైచిలుకు మంది మిగిలిరి. మునుగుటకు ముందు ఓడ రెండుగా విరిగెనా? బ్రతికిన అధికారులలో పదవిచే పెద్దవాడైన లైటోలర్ విరుగలేదనెను. పదునేడేండ్ల జాక్ థాయర్ విరిగినదనెను. ఆ ఇరువురును ఆ రాత్రి బోల్తాపడిన ఒకే చిన్నపడవ నాశ్రయించి ప్రాణములు దక్కించుకొన్నవారే! విరుగుట చూచితిమన్నవారు మరి పలువురున్నను, అమెరికా సెనేటు విచారణయు, బ్రిటిష్ విచారణయు ఓడ విరుగకయే మునిగినదని తేల్చినవి. 1985లో రాబర్ట్ బల్లార్డ్ బృందము ఫ్రెంచివారితో కలసి దాదాపు 3,800 మీటర్ల లోతున శిథిలములను కనుగొన్నది. ముందుభాగ మొకచోట, వెనుకభాగ మింకొకచోట. నడుమ సుమారు 600 మీటర్ల ఎడము. డెబ్బదిమూడేండ్లకు సముద్రమే సాక్ష్యము చెప్పినది.

లైటోలర్ మాట తప్పైనంతమాత్రమున అది అబద్ధము కానక్కరలేదు. అది చంద్రుడు లేని రాత్రి. ఓడ దీపములు చివరి క్షణములలో ఆరిపోయినవి. నీరు సున్న డిగ్రీలకన్నను చల్లగా నుండెను. ఆ నీటిలో పడినవాని కన్ను చూచినను, మనస్సు దానిని నిలుపుకొనగలదా?

మానవశరీరపు సహజోష్ణత సుమారు 37 డిగ్రీలు. లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు జారినచో వైద్యులు దానిని హైపోథెర్మియా యందురు. మొదట గజగజ వణకుట, పిదప ఆలోచన మందగించుట, మాట తడబడుట కలుగును. 32 డిగ్రీలకు దిగువను వణకు ఆగిపోయి స్పృహ సన్నగిల్లును. 1983లో బ్రిటిష్ పరిశోధకులు ప్రకటించిన ప్రయోగములలో ముఖ్యవిషయ మొకటి తేలినది: శరీరము చల్లబడినపుడు క్రొత్తగా తెలిసికొన్నది జ్ఞాపకమున సరిగా నాటుకొనదు, వెచ్చగా నున్నపుడు నేర్చినది మాత్రము చలిలోను గుర్తుకు వచ్చును. పలకమీద పడని అక్షరమును తరువాత ఎంత వెదకిన నేమి ఫలము? కావున నీటిలో పడకముందు చూచినదానికి, పడి చాలసేపైన పిదప చూచినదానికి ఒకే విలువ కట్టరాదు.

మనస్సునకు తగిలిన దెబ్బ చేయు పని వేరు. ప్రాణభయములో దృష్టి ఒక్కదానిపై గుచ్చుకొనును: చేతికందిన త్రాడు, జారిపోవు బిడ్డ చేయి. అది చెరగని ముద్ర యగును, చుట్టునున్నది మసకబారును. నిమిషము గంటగా తోచును. ముందువెనుకల క్రమము తప్పును. ఆపై తోటివారి మాటలు, పత్రికల కథనములు, అధికారులు ప్రశ్నించిన తీరు ఖాళీలను పూరించును. అందుచే దృఢముగా పలుకుట నిజమునకు గుర్తు కాదు; తడబడుట అబద్ధమునకు గుర్తు కాదు.

ఇక గ్రీసు సంగతి. లిబియానుండి ఇటలీకి పోవుచున్న ఆడ్రియానా అను చేపలవేట ఓడ 2023 జూన్ 14న పైలోస్ తీరమునకు దూరముగా మునిగినది. అందు దాదాపు 750 మంది వలసజనులుండిరని అంచనా. దక్కినవారు 104 మంది. గ్రీకు తీరరక్షకదళము త్రాడు కట్టి లాగుటచే ఓడ తలక్రిందులైనదని వారిలో పలువురు చెప్పిరి, దళము కాదన్నది. అచట అట్లాంటిక్ చలి లేదు. కాని ఆకలిదప్పులు, చీకటి, కన్నులయెదుట తోడివారి మరణము కలవు. ఆ చోటు మధ్యధరాసముద్రమున మిక్కిలి లోతైన ప్రాంతములలోనిది గనుక టైటానిక్‌నకు దొరికిన మూగసాక్షి వీరికి సులభముగా దొరకదు. 2025 మే మాసమున నావికాన్యాయస్థానపు ప్రాసిక్యూటర్ 17 మంది తీరరక్షక సిబ్బందిపై అభియోగములు మోపెను.

దోషమెవరిదో తేల్చవలసినది న్యాయస్థానము. సాక్ష్యమును తూచు పద్ధతిని మాత్రము అందరును నేర్వవలెను. ప్రతివానిని విడిగా, వాని భాషలోనే, వాని మాటలలోనే చెప్పనీయవలెను. ఎచట నుండెను, ఎంతసేపు నీటిలో నుండెను అని అడుగవలెను. గంటలు, నిమిషములు కలియలేదని మొత్తము కథను కొట్టివేయరాదు. ఒకరితో నొకరు మాటాడుకొనని పలువురు ఒకటే చెప్పినచో దానికి బరువీయవలెను. 1912లో అధికారి మాట నిలిచినది. బాలుని మాట వీగినది. సాక్షి పదవిని చూచి సత్యమును తూచినచో నేడును అదియే జరుగును. సముద్రము ప్రతిసారియు దానిని దిద్దదు.