సాక్ష్యమునకు సాక్ష్యమే ప్రత్యుత్తరము

కోరుట్ల ప్రాంతమునుండి ఒక వృద్ధరైతు ఇటీవల కాగితముల కట్టతో మాయొద్దకు వచ్చెను. ఆయన కుమారుడు జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ కళాశాలలో చదివి, అమెరికాకు పోయి, డాక్టరేటు పట్టము పొంది, అచ్చటనే వరి తెగుళ్ళను గూర్చి పరిశోధన చేయుచున్నాడు. శాశ్వతనివాసపు హక్కునకై, అనగా అందఱును గ్రీన్ కార్డని చెప్పుకొనుదానికై, అతడు పెట్టుకొనిన అర్జీపై అచ్చటి పౌరసత్వ, వలస సేవల శాఖవారు "మీరు పంపిన ఆధారములు చాలవు, అదనపు సాక్ష్యము పంపుడు" అని నోటీసు నిచ్చిరి. ఇంటిల్లిపాదియు దిగులుపడిరి. ఇంతలో ఒక మధ్యవర్తి ఫోనుచేసి, సొమ్ము పంపినచో మూడు వారములలో ఒక "అంతర్జాతీయ పురస్కారము" ఇప్పింతునని చెప్పెనట. "రెండెకరాలు అమ్మి కొందుమా, వకీలుసాబ్?" అని ఆ తండ్రి మమ్మడిగెను.

వలదంటిమి. ఏల వలదంటిమో పాఠకలోకమునకు విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము. ఈ నోటీసు ఆ యొక్క యింటికే వచ్చినది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములనుండి ఒకప్పుడు బ్రతుకుతెరువునకై బొంబాయికిని, భీవండికిని, గల్ఫుకును పోయెడివారు. నేడు మన బిడ్డలు విదేశపు ప్రయోగశాలలకును పోవుచున్నారు. కావున ఈ సంగతి పఠనమందిరములలో చర్చింపదగినది.

మొట్టమొదట తెలియవలసినదేమన, ఈ నోటీసు తిరస్కారము కాదు. దావా విచారణలో న్యాయాధిపతి "దీనికి రుజువేది?" అని యడిగినంతమాత్రమున దావా కొట్టివేసినట్లు కాదుగదా! రుజువుచేయు భారము అర్జీదారునిదే. ఆ భారమెంత? నేరవిచారణలోవలె సందేహమునకు తావులేనంత కాదు. సివిలు వ్యాజ్యములోవలె, చెప్పినది నిజమగుటకే యెక్కువ యవకాశమున్నదని తేలిన చాలును. మన దేశమున 1872 నాటి సాక్ష్యచట్టము పోయి 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియము వచ్చినను సివిలు వ్యాజ్యములలో ఈ సూత్రము మాఱలేదు. అమెరికా శాఖవారును ఈ యర్జీలకు దీనినే పాటింతురు.

పరిశోధకులు సాధారణముగా పట్టు త్రోవలు మూడు. మూడును 1990 నాటి వలసచట్టమున ఏర్పడినవే. మొదటిది అసాధారణ ప్రతిభావంతులది. మహత్తరమైన పురస్కారమేదియు లేనివారు నియమావళిలోని పది లక్షణములలో కనీసము మూడింటిని చూపవలెను. రెండవది విశిష్టులైన ఆచార్యులకును పరిశోధకులకును చెందినది. ఆఱింట రెండు లక్షణములు, మూడేండ్ల అనుభవము, ఉద్యోగమిచ్చు సంస్థ ఇందు వలయును. మూడవది జాతీయప్రయోజనార్థమైన సడలింపు. దీనికి 2016 డిసెంబరులో ధనసర్ అను వ్యాజ్యమున మూడు ప్రశ్నలు స్థిరపడినవి. తలపెట్టిన కార్యమునకు విలువయు, దేశవ్యాప్తమైన ప్రాముఖ్యమును కలవా? దానిని నడుపుటకు అర్జీదారు సమర్థుడా? ఉద్యోగదాత ఉండవలెనను నిబంధనను విడుచుట మొత్తముమీద ఆ దేశమునకు లాభకరమా?

మొదటి త్రోవలో ఏ మూడింటికో కాగితములు జేర్చిన చాలునని పలువురు భ్రమపడుచున్నారు. 2010 లో కజారియన్ అను భౌతికశాస్త్రజ్ఞుని వ్యాజ్యమున అప్పీలు న్యాయస్థానము తీర్పు వచ్చినప్పటినుండి అధికారులు రెండంచెలలో చూచుచున్నారు: మొదట లెక్క, పిదప తూకము. లెక్కకు వచ్చినవన్నియు తూకమునకు నిలువవు. మధ్యవర్తులు అమ్ము పురస్కారములు సరిగా ఇచ్చటనే తేలిపోవును.

అంతియకాదు, అర్హత యనునది అర్జీ దాఖలైన నాటికే యుండవలెనని నియమము. నోటీసు వచ్చిన పిదప సంపాదించిన బిరుదు, నిజమైనదే యైనను, పాత అర్జీకి పనికిరాదు. ఇక కొనినదాని మాట చెప్పనేల! ముఖ్యవిషయమున తెలిసి తెలిసి అబద్ధమాడినట్లు తేలినచో అర్జీ పోవుటయే గాక, ఆ మనుష్యునికి ఆ దేశప్రవేశమే జీవితాంతము నిషిద్ధము కావచ్చును. ఆ రైతు రెండెకరములమ్మి కొడుకునకు కొనిపెట్టబోయినది ఈ నిషేధమును!

మేమాయన నొక ప్రశ్న యడిగితిమి: "మీరు జగిత్యాల సన్నాలు వేయుదురుగదా, ఆ విత్తనమున కేమి బహుమతి వచ్చినదో విచారించితిరా?" ఆయన నవ్వి, "బహుమతి యెవరు చూచిరి? ప్రక్క చేను చూచి వేసితిమి" అనెను. పొలాస పరిశోధనస్థానమున పుట్టిన ఆ వంగడము ఉల్లికోడును తట్టుకొని నిలిచినది, ఇరుగుపొరుగు రైతులు చూచిరి, తామును వేసిరి. శాస్త్రపరిశోధనకును సాక్ష్యమిదియే. "నీవు గొప్పవాడవా?" అని యధికారి యడుగుట లేదు. "నీ పనిని చూచి ఎవరు తమ చేనిలో వేసికొనిరి?" అనియే యడుగుచున్నాడు. ఎవరి పరిశోధనలో నీ పద్ధతి వాడబడినది? ఏ సంస్థ దానిని స్వీకరించినది? నీ వ్యాసమును ఉదహరించినవారు పేరుమాత్రము తలచిరా, లేక దానిపై తమ పనిని కట్టుకొనిరా? నీ శాఖలో అదే కాలమున వెలువడిన తక్కిన వ్యాసములతో పోల్చిన నీ స్థానమెక్కడ?

ఈ సందర్భమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. భీమవరమున 1895 లో జన్మించిన ఆ మహనీయుడు 1923 లో బోస్టను చేరెను. 1917 నాటి చట్టము ఆసియావాసులలో అధికులకు వలస ద్వారమును మూసియుండెను. ఆయన అడుగుపెట్టిన సంవత్సరముననే, భగత్‌సింగ్ తీండ్ వ్యాజ్యములో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పెను. 1946 లో ఆ ద్వారము తెఱవబడినను, సంవత్సరమునకు నూర్గురు భారతీయులు మాత్రమే వలసకు అనుమతింపబడిరి. 1948 లో సుబ్బారావుగారు ఆ దేశపౌరుడు కాకయే కన్నుమూసిరి.

ఆయన కీర్తికి సాక్ష్యమేది? పతకములు కావు. ఫిస్కేతో కలిసి 1925 లో ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతి ఆ యిరువురి పేరిటనే శాస్త్రలోకమున వ్యవహరింపబడినది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము సిద్ధపఱచిన మందును వాడి, రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగ నైనను గుణము కనిపించినదని సిడ్నీ ఫార్బర్ 1948 లో ప్రకటించెను. తెలంగాణములో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన మాత్రలలోని డైఇథైల్ కార్బమజైన్ కూడ ఆ బృందము వెలువరించినదే. ఒకరి పనిని వేఱొకరు చేపట్టి మేలు పొందుటకన్న మించిన ప్రశంసాపత్రము కలదా?

ఇక ప్రత్యుత్తరము వ్రాయు విధము. నోటీసు గడువు 84 దినములకు మించదు. తపాలా నిమిత్తము కొలదిదినములు కలియవచ్చును. పొడిగింపు మాత్రము లేదు. ఉత్తరమంతయు ఒక్కమాఱే పంపవలెను. కొంత పంపి ఊరకున్నచో, ఉన్నదానిపైననే తీర్పు చెప్పుడని మనమే కోరినట్లగును. ఏమియు పంపనిచో అర్జీ విడిచిపెట్టినట్లే. కావున మొదటి వారముననే నోటీసును వాక్యము వాక్యముగ చదివి, అధికారి ఒప్పుకొనినదేది, ఒప్పుకొననిదేది విడదీయవలెను. ఒప్పుకొనినదానిపై పుటలు నింపుట వ్యర్థము. ముందే పంపిన పత్రమును మరల నడిగినచో (అట్లు జరుగుటయు కలదు) కోపింపక, ఫలాని అనుబంధమున ఫలాని పుటలో నున్నదని చూపవలెను.

సిరిసిల్ల నేతగానికి ఈ మర్మము సులువుగ బోధపడును. పడుగు లేక పేక నిలువదు. పేక లేక పడుగు బట్ట కాదు. పత్రములు పడుగు, వివరణ పేక. వివరణలేని మున్నూరు పుటలను అధికారి మీద కుమ్మరించుటయు తప్పే. పత్రములేని వాగ్ధాటియు తప్పే. నిపుణుల లేఖలును ఇట్టివే. "మహామేధావి" అని పొగడు పది లేఖలకంటె, అర్జీదారుతో కలిసి పనిచేయని యొక శాస్త్రజ్ఞుడు "ఇతని పద్ధతిని మేమీ విధముగ వాడితిమి, ఈ ఫలము కలిగినది" అని వ్రాసిన ఒక్క లేఖకు విలువ హెచ్చు. పది లేఖలలో ఒకే వాక్యములు కనబడినచో పదింటికిని విలువ పోవును. తెలుగు పత్రములకు పూర్తి ఆంగ్లానువాదమును, అనువాదకుని ధ్రువీకరణమును జేర్చుట మఱువరాదు.

సాక్ష్యమడుగుట మన జాతికి జరిగిన అవమానమని కొందఱందురు. మేమంగీకరింపము. అవమానము 1917 లో నుండెను, 1923 లో నుండెను. అప్పుడు సాక్ష్యమే యడుగలేదు, జన్మము నడిగిరి. నేటికిని న్యాయమైన ఫిర్యాదు లేకపోలేదు. అది వేఱుచోట నున్నది. ఉద్యోగమూలకమైన గ్రీన్ కార్డులలో ఏ దేశమునకైనను నూటికి ఏడుపాళ్ళన్న హద్దు కలదు. నూటనలువదికోట్ల జనమున్న భారతదేశమునకును, చిన్న ద్వీపమునకును ఒకే కొలత! ఇందువలన రెండవ తరగతిలో అర్జీ మంజూరైన మనవారు కూడ పదియేండ్లకు పైబడి వరుసలో వేచియున్నారు. తలిదండ్రులు వేచియుండగనే పిల్లలకు ఇరువదియొక్క యేండ్లు నిండి, ఆ వరుసనుండి తొలగిపోవుచున్నారు. ఇది ఆ దేశపు శాసనసభ దిద్దవలసిన తప్పు. వరుస యింత పొడవైనందుననే ఈ ప్రత్యుత్తరమునకు ఇంత విలువ. అర్జీ దాఖలైన దినమే వరుసలో స్థానము. అర్జీ మంజూరైననే ఆ స్థానము దక్కును.

తుదకు మన యింటిమాట. 84 దినములలో ఒక పరిశోధకుడు తన పాత కళాశాలనుండి ధ్రువపత్రమో, పరిశోధనస్థానమునుండి ప్రయోగవివరమో కోరినచో, మన సంస్థలలో ఫైలు ఒక బల్లనుండి మఱియొక బల్లకు చేరునప్పటికే గడువు కడతేరుచున్నది. ఆ జాప్యమునుండియే మధ్యవర్తులు పుట్టుచున్నారు. నిజమైన పత్రము దొరకని చోటనే దొంగ పత్రమునకు ధర పలుకును. మన విద్యాలయములు, పరిశోధనస్థానములు పూర్వవిద్యార్థుల అర్జీలకు పదిదినములలో ప్రత్యుత్తరమిచ్చు ఏర్పాటు చేసికొనవలెనని మా విజ్ఞప్తి. ఇందుకు కావలసినది ధనము కాదు, శ్రద్ధ.

ఆ రైతు పొలమమ్మలేదు. కుమారుడు తన పరిశోధనను వాడుకొనినవారికి లేఖలు వ్రాయుచున్నాడు. ఫలితమేమగునో చెప్పజాలము, కాదన్నచో అప్పీలునకును, క్రొత్త అర్జీకిని దారి కలదు. అబద్ధమాడినవానికి ఆ దారియు మూసికొనిపోవును. సాక్ష్యమడిగించుకొనుట అవమానము కాదు. సాక్ష్యమును కొనుటయే అవమానము.