పేరుగలవారికే పెద్ద శిక్షయా?



ఆటలలో గెలుపుకొఱకు నిషిద్ధమైన మందులను పుచ్చుకొనుటకు డోపింగని పేరు. ఇట్టి వ్యవహారములలో ప్రభుత్వపక్ష న్యాయవాదులు ప్రసిద్ధులనే యేరి పట్టుకొని వేధించుచున్నారని యొక వాదము కలదు. ఆడుబిడ్డలను బరువులెత్తు పందెములకు పంపుచున్న మా ప్రాంతపు గృహములకు ఈ ప్రశ్న దూరపుది కాదు గనుక, ఈ మాసము దీనిని విచారింతము.

2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మా శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి కంచుపతకము గెలిచి, ఆ క్రీడలలో పతకమందిన తొలి భారతస్త్రీ యయ్యెను. ఆ సిడ్నీలోనే అమెరికా వనిత మారియన్ జోన్సు అయిదు పతకములు గైకొనెను. తరువాత బాల్కో యను ప్రయోగశాల ఆటగాండ్రకు రహస్యముగా మందులు సమకూర్చుచున్నదని బయల్పడగా, ఆమె తానేమియు వాడలేదని విచారణాధికారులయెదుట బొంకెను. 2007లో తప్పొప్పుకొనెను. పతకములు పోయినవి. చెక్కుల మోసపు వ్యవహారమున ఆడిన మరియొక యసత్యమునకు గూడ కలిపి 2008లో ఆరునెలల చెర విధించిరి. ఆ మందులను సమకూర్చిన ప్రయోగశాల యధిపతి విక్టర్ కాంటే 2005లో పొందినది నాలుగునెలల చెర, నాలుగునెలల గృహనిర్బంధము మాత్రమే.

బేస్‌బాల్ ఆటలో మేటియైన బారీ బాండ్సుపై 2007లో మొదలైన అభియోగము 2015వరకు సాగినది. 2011లో అతనికి వ్యతిరేకముగా వచ్చిన తీర్పును చివరకు పై న్యాయస్థానము కొట్టివేసెను. రోజర్ క్లెమెన్సు 2012లో నిర్దోషిగా బయటపడెను. పేరులేనివానికై ఇన్నియేండ్లు ఇంత ప్రయాసపడుదురాయని వారి పక్షమువారడుగుట సహజమే.

అయినను రెండవవైపును చూడవలెను. అచట శిక్షించినది మందు మ్రింగినందుకు కాదు, బొంకినందుకు. నిజము చెప్పిన ఆటగాండ్రు నిందితులు కాలేదు. అంతగా పేరెరుగని సైకిలుపందెపు వనిత టామీ థామస్ సహితము ప్రమాణము చేసి బొంకెనని 2008లో దోషియయ్యెను. కాబట్టి ప్రసిద్ధులను మాత్రమే పట్టిరనుట పూర్తి నిజము కాదు.

భారతమున ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళముల యెత్తున నడచెడిది. ఒక్క యసత్యముతో నది నేలనంటెను. తక్కినవారి రథములు మొదటినుండియు నేలమీదనే యున్నవి గనుక వాని పతన మెవ్వరికిని కానరాలేదు. ఎత్తున నడచువారి తప్పు లోకమునకు ముందుగా కనబడును. పదిమందికి త్రోవయు నగును. కనుక వారిని విడువరాదు. కాని ఆ మాట పలికించినవారి నెవరడుగవలెను? మా యభ్యంతరమెల్ల నిచటనే.

మన దేశమున 2022లో డోపింగు నిరోధక చట్టమేర్పడినది. దానిలో క్రీడాకారులకు చెరసాల లేదు. పతకములు పోవుట, పందెములనుండి బహిష్కారము, ధనదండనము కలవు. శరీరమున నిషిద్ధవస్తువు కనబడినచో, ఎట్లు వచ్చినను, మొదటి బాధ్యత ఆటగత్తెదే. 2011లో పరుగుపందెపు యువతులారుగురు పట్టుబడిరి. వారిలో కొందఱు ముందటియేట ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో బంగారము తెచ్చినవారు. శిక్షకుడిచ్చిన జిన్సెంగు మాత్రలవలన వచ్చినదని వారు మొరపెట్టుకొనిరి. శిక్షకుని కొలువునుండి తొలగించిరి. యువతులకు మొదట నొక యేడు బహిష్కారము విధింపగా, 2012లో అంతర్జాతీయ క్రీడాన్యాయస్థానము దానిని రెండేండ్లు చేసెను. పందెకత్తెకు రెండేండ్లనగా ప్రాయములో సగము.

అట్లని కనికరముతో విడిచిపెట్టిన నష్టపడునదెవరు? విజయనగరము జిల్లా కొండవెలగాడ బిడ్డ మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో మూడవదిగా నిలిచెను. బంగారమందిన నైజీరియా బాలిక చికా అమలాహా పరీక్షలో పట్టుబడగా, సంతోషికి వెండి దక్కెను. గెలిచినదిగదాయని ఆమెను విడిచియున్నచో మన బిడ్డ కష్టము దొంగిలింపబడియే యుండెడిది. కాని యా నైజీరియా బాలికకప్పటికి పదునాఱేండ్లు. అంత చిన్నపిల్ల తనంతట తానే మందు సంపాదించెనని ఏ తల్లి నమ్మును?

ఉప్పు తిన్నవారు నీళ్లు త్రాగవలెనని సామెత. ఉప్పుమడుల ఊరగు నౌపడలో నుండు మాకది తెలియనిది కాదు. తినిపించినవానికిని దాహము తెలియవలెనని మా మనవి. పరీక్షలో చీటీ పట్టుబడినప్పుడు అందించినవానిని గూడ అడుగక ఏ యుపాధ్యాయుడు నూరకుండును?

తల్లులారా! మీ బిడ్డకు శిక్షకుడిచ్చిన పొడిగాని మాత్రగాని డబ్బామీది చీటీ చదువక పుచ్చుకొననీయకుడు. ఆ డబ్బాను పాఱవేయక దాచుడు. జలుబుమందునకైనను వైద్యునితో ఈమె పందెపు పిల్లయని చెప్పుడు. పరీక్షకు పిలిచినప్పుడు వాడిన మందులన్నిటిని కాగితముపై వ్రాయుమని నేర్పుడు. ఒకవేళ తప్పు జరిగినచో మొదటిదినముననే నిజము చెప్పుటకు ధైర్యమిండు. ఇచ్చినవాని పేరును చెప్పింపుడు. పతకము పోయినను మాట నిలిచిన బిడ్డను మరల నిలువబెట్టవచ్చును.